తోలు కట్టిన గొర్రెపిల్ల

నారిన్ ఊళ్లో అతన్ని ఫొటోల జపార్ అంటారు. ఆ మాటలో మర్యాద ఉందో వెటకారం ఉందో అనేవాడి మూతి చూసి తెలుసుకోవాలి. పెళ్లికి పిలిస్తే పోతాడు, పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాడు. అది పొట్టకోసం. అసలు పని వేరే. మూడు చెక్క కాళ్ల మీద నిలబడే పెద్ద కెమెరా ఒకటి, నల్లగుడ్డ ఒకటి భుజాన వేసుకుని కొండల్లో పడి తిరుగుతాడు. ఒక్కోసారి వారం పోయి ఒక్క ఫొటో కూడా లేకుండా వస్తాడు. వెలుతురు కుదరలేదంటాడు. బతికున్న రోజుల్లో అతని పెళ్లాం, అందరి మొగుళ్లూ గొర్రెల్ని మేపడానికి పోతే మా ఆయన వెలుతురు మేపడానికి పోయాడు అనేది.

ఎవరి దగ్గరా జీతానికి లేడు. తీసిన బొమ్మ ఎవరికో నచ్చి గోడకు పెట్టుకుంటే ఆ చలికాలం బొగ్గు ఉంటుంది. నచ్చకపోతే పాస్‌పోర్టులు.

చలికాలం చివర్లో కుబాత్ వచ్చాడు. జపార్ స్నానాలగదిలో ఫొటోలు కడుగుతున్నాడు. ఇల్లంతా మందునీళ్ల వాసన. చేతులు తుడుచుకుని వచ్చి టీ పోశాడు. కుబాత్ గొర్రెల కాపరి. మాటల మనిషి కాదు. మంచు ఎంత పడింది, గడ్డి ఉందా లేదా, అవి రెండూ అయ్యాక గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. వాళ్లమ్మ బాత్మా పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆకురాలే కాలంలో సంవత్సరీకం. గుర్రాన్ని కోస్తారు, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పెడతారు, అదే రోజున సమాధి మీద రాయి నిలబెడతారు. నల్లరాయి ఇప్పటికే కొన్నారు. చెక్కే సెమ్యోన్ పేరు, తేదీలు చెక్కేశాడు. ముఖం మిగిలింది.

"అమ్మ చెప్పి పోయింది అన్నా," అన్నాడు కుబాత్. "నా ముఖం జపార్ దగ్గర ఉంది, నేను పోయాక అడిగి తెచ్చుకోండి అంది."

జపార్ చేతిలో టీ కెటిల్ అలాగే ఉండిపోయింది. కొంత టీ గుడ్డ మీద పోయింది కూడా.

"ఉంది," అన్నాడు. "వెతికి ఇస్తాను."

లేదని అతనికి తెలుసు. ముఖం ఉండాల్సిన చోట తన చేత్తోనే బెజ్జం వేశాడు.

ఆ బొమ్మ తీసి మూడేళ్లు దాటింది. అత్‌బాషీ పక్కన ఇసక్ కాపరి గొర్రెల దొడ్డి. గొర్రెలు ఈనే రోజులు. మంచు కరిగి దొడ్డంతా బురద. రాత్రి ఒక తల్లి గొర్రె చచ్చి దాని పిల్ల మిగిలింది. ఇంకో గొర్రెకు పిల్ల చచ్చి పాలు మిగిలాయి. ఇలాంటప్పుడు కాపరులు చేసేది ఒకటే. చచ్చిన పిల్ల తోలు ఒలిచి, కాళ్లకు బెజ్జాలు పెట్టి, బతికున్న అనాథ పిల్లకు చొక్కాలాగా తొడుగుతారు. తల్లి వచ్చి తోక దగ్గర వాసన చూస్తుంది. నా పిల్లే అనుకుంటుంది. పాలిస్తుంది.

ఇసక్ తోలు ఒలిచాడు. అతని భార్య బాత్మా బోర్లించిన బకెట్ మీద కూర్చుని పిల్లను మోకాళ్ల మధ్య పెట్టుకుని తొడిగింది. రెండు తోళ్లు, ఎనిమిది కాళ్లు ఉన్నట్టు వేలాడుతోంది ఆ పిల్ల. దొడ్డి కప్పు సందులోంచి వెలుతురు వచ్చి సరిగ్గా ఆమె మీద పడింది. జపార్ ఎన్నాళ్లుగానో మేపుతున్న వెలుతురు అదే. పరుగెత్తి కెమెరా నిలబెట్టాడు.

బాత్మా ఫొటోకు ఎప్పుడూ సరిగ్గా నిలబడదు. పెళ్లిలో అయినా, పండగలో అయినా, కెమెరా కనిపిస్తే తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరుగుతుంది. చిన్నప్పుడు గుర్రం తన్ని గడ్డం ఒక పక్క గుంట పడింది. అదీ సిగ్గు. ఆ రోజు కూడా చెంగు అడ్డం పెట్టుకుంది. జపార్ నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, పెద్దమ్మా, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అని బతిమాలాడు.

ఆమె చెంగు చాటునుంచే చూసింది. "రాయి మీదికి పనికొస్తుందా ఇది?" అంది.

"పనికొస్తుంది. కదలకు."

"నా పాస్‌పోర్టులో ఉన్నది నేను కాదు, ఎవరో గుర్రాల దొంగ. దాన్ని చెక్కారంటే లేచొచ్చి తంతాను. నీ దగ్గర దాచి పెడతానంటేనే చూస్తాను."

"దాస్తాను పెద్దమ్మా."

పక్కన గొర్రె మెడ పట్టుకుని నిలబడ్డ ఇసక్, మీ బేరం త్వరగా తెమల్చండి, దీనికి పొదుగు సలుపుతోంది అన్నాడు. బాత్మా చెంగు వదిలేసింది. చేతులు పిల్ల మీద పెట్టి నేరుగా చూసింది. ఆ కెమెరా వెనక అద్దంలో మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. తలకిందులుగా ఆమె అతన్ని చూసింది, తలకిందులుగా అతను ఆమెను చూశాడు. మీట నొక్కాడు.

నొక్కేటప్పుడు అతనికి ఆ మాట ఇచ్చిన సంగతి గుర్తే లేదు. ఆ వెలుతురు పోకుండా ఉంటే తల తీసి ఇమ్మన్నా ఇచ్చేవాడు.

ఆ బొమ్మతోనే అతని దశ తిరిగింది. రాజధానిలో ఎల్వీరా అని ఒకావిడ గ్యాలరీ నడుపుతుంది. చెడ్డమనిషి కాదు. బొమ్మను రెండు చేతులతో పట్టుకుని దగ్గరగా చూసింది. తర్వాత వ్యాపారం మాట్లాడింది. ఏడు కాపీలు తియ్యండి, వెనక పెన్సిలుతో సంతకం పెట్టండి, ఎనిమిదోది ఈ భూమ్మీద ఉండకూడదు, అలాగైతేనే ఈ ఏడింటికీ విలువ అంది. జపార్ స్నానాలగదిలో రెండు నెలలు కూర్చుని ఏడు తీశాడు. ఒక్కోదానికి ఎన్ని కాగితాలు చించాడో. ముఖం మీద నీడ ఒకసారి ఎక్కువయ్యేది, ఒకసారి తక్కువయ్యేది. దుమ్ము చుక్కలను వెంట్రుకంత కుంచెతో కప్పాడు. కొంచెం మసకగా వచ్చిన ఎనిమిదో కాపీ ఒకటి దండెం మీద ఆరుతుంటే, ఇది పెద్దమ్మకు ఇవ్వాలి అనుకున్నాడు. ఎల్వీరా వచ్చి చూసింది. ఇది ఇంట్లో ఉన్నా దొంగతనమే జపార్‌గారూ అంది. ఆమె ముందే చించి పొయ్యిలో వేశాడు.

ఏడూ అమ్ముడుపోయాక ఫిల్మును చెడగొట్టాలి. అది కూడా పద్ధతే. ఎల్వీరా దాన్ని పండగ చేసింది. పెద్దవాళ్లను పిలిచింది. పళ్లాల్లో తినుబండారాలు, గ్లాసుల్లో వైన్. జపార్ చేతికి తోలు బెల్టులకు బెజ్జాలు వేసే పనిముట్టు ఇచ్చింది. అతను మూలన వెయ్యబోయాడు. ఆవిడ అతని చెవిలో చెప్పింది, మూలన వేస్తే మూల కత్తిరించి ముఖం మళ్లీ అచ్చు వేసుకోవచ్చు కదా, కొన్నవాళ్లు అడుగుతారు. జపార్ అందరి ముఖాలూ చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. జీవితంలో అంతమంది అతన్ని చూడటం అదే మొదటిసారి. పనిముట్టు జరిపాడు. నొక్కాడు. టక్ మంది. చప్పట్లు కొట్టారు. బొటనవేలి గోరంత ముక్క కింద పడింది. ఎల్వీరా వంగి తీసుకుంది.

డబ్బు ఇంటి కప్పుకూ బొగ్గుకూ పోయింది. పేరు మాత్రం కొన్నాళ్లు నిలబడింది. బాత్మా కనిపించినప్పుడల్లా, నా ముఖం భద్రమేనా అనేది. భద్రమే పెద్దమ్మా అనేవాడు.

కుబాత్ వెళ్లాక జపార్ పెట్టెలన్నీ దించాడు. అదే దొడ్డిలో అదే రోజున తీసినవి ఇంకో మూడు ఫిల్ములు. ఒకదాంట్లో ఇసక్ వీపు. ఒకదాంట్లో గొర్రె. మూడోదాంట్లో బాత్మా ఉంది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. పాస్‌పోర్టు ఏదని కుబాత్‌కు కబురు పెడితే, చావు కాగితం రాయించేటప్పుడు ఆఫీసులో తీసేసుకున్నారని చెప్పాడు. గుర్రాల దొంగ కూడా పోయాడు.

గ్యాలరీవాళ్లు వేసిన చిన్న పుస్తకంలో ఆ బొమ్మ అగ్గిపెట్టెంత ఉంది. అది పట్టుకుని సెమ్యోన్ దగ్గరికి పోయాడు. సెమ్యోన్ రష్యావాడు. అతనివాళ్లంతా ఎప్పుడో వెళ్లిపోయారు, ఇతను ఉండిపోయాడు. ఊళ్లో చచ్చినవాళ్లందరి ముఖాలూ అతని సూది కిందినుంచే పోయాయి. నల్లరాయి మీద సూదిమొనతో చుక్కలు చుక్కలుగా కొట్టి ముఖం తెప్పిస్తాడు. ముల్లా ప్రతి శుక్రవారం ముఖాలు చెక్కడం పాపమని చెబుతాడు. ఆ ముల్లా నాన్న ముఖం కూడా సెమ్యోనే చెక్కాడు.

సెమ్యోన్ కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుని పుస్తకం చూశాడు. "ఇది కందిగింజంత ఉంది. దీన్ని పెంచితే పెద్ద కందిగింజ వస్తుంది. నువ్వు తీసిన బొమ్మే కదా, అసలుది తే."

"లేదు."

"ఏమైంది?"

జపార్ చెప్పాడు. సెమ్యోన్ విన్నాడు. రాయి మీద దుమ్ము ఊదుకుంటూ, "నేను ముప్పై ఏళ్లనుంచి చచ్చినవాళ్లకు ముఖం పెడుతున్నా," అన్నాడు. "నువ్వు బతికున్నదాని ముఖం తీసేశావు. నీ పని నా పనికంటే కష్టమే." నవ్వలేదు.

ఎల్వీరాకు ఫోన్ చేస్తే, ఆరు దేశం దాటిపోయాయి, ఒకటే ఇక్కడివాళ్ల దగ్గరుంది, నేను అడగలేను, కావాలంటే మీరే అడగండి అని ఆ పెద్దమనిషి ఇంటి గుర్తులు చెప్పింది. ఎరువుల వ్యాపారి. జపార్ కెమెరా, గుడ్డలో చుట్టిన కాళ్లు, పెద్దమనిషికి ఒక సంచి కురుత్ ఉండలు తీసుకుని బస్సెక్కాడు. దోలోన్ కనుమ మీద బస్సు ఆగిపోతే అందరితోపాటు దిగి మంచులో తోశాడు.

పెద్దమనిషి ఆదరించాడు. అందులో వంక పెట్టేందుకు లేదు. బల్ల నిండా తిండి పెట్టించాడు. పుల్లటి పెరుగు ఉండలు చూసి మా అమ్మ చేసేది ఇలాంటివే అని మూడు నోట్లో వేసుకున్నాడు. మా తాత కూడా కాపరే అన్నాడు. జపార్ సంగతి చెప్పుకున్నాడు. బొమ్మ గోడ మీదనుంచి దించనక్కర్లేదు, ఎదురుగా కెమెరా పెట్టి ముఖం ఒక్కటీ తీసుకుంటాను, రాయి చెక్కగానే కాల్చేస్తాను అన్నాడు.

బొమ్మ ఇక్కడ లేదు అన్నాడు పెద్దమనిషి. వేరే దేశంలో ఉన్న ఇంట్లో పెట్టించాడట, అక్కడి గోడకు బాగా కుదిరిందట.

"అక్కడివాళ్లతో తీయించి పంపిస్తే..."

పెద్దమనిషి టీ తాగాడు. గిన్నె కింద పెట్టాడు. "తమ్ముడూ, రాతి మీద చెక్కాక స్మశానంలోకి వెళ్లి గాడిద కూడా చూస్తుంది. మరి నేను కొన్నదేంటి?"

నిజానికి అది అతనే అమ్మాడు.

లేవబోతుంటే పెద్దమనిషి జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. నేను దీన్ని వదిలిపెట్టను, దీనితో కలిసొచ్చింది నాకు అని చూపించాడు. గుత్తికి అద్దంలాంటి బిళ్ల ఒకటి వేలాడుతోంది. లోపల బొటనవేలి గోరంత ఫిల్ము ముక్క. ఎల్వీరా మొదటి కొనుగోలుదారుకు కానుకగా ఇచ్చింది.

జపార్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు పెట్టాడు. నలుపు తెలుపై, తెలుపు నలుపై, బాత్మా కళ్లు కనిపించాయి. నుదురు కనిపించింది. బిళ్ల సగం తాళాలు రాసుకుని రాసుకుని గరుకెక్కింది. మూతి దగ్గరినుంచి కిందికి ఏమీ లేదు, పాలపొర కమ్మినట్టు ఉంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గడ్డం అరిగిపోయింది.

"జాగ్రత్త, కారు తాళం కూడా దానికే ఉంది," అన్నాడు పెద్దమనిషి.

జపార్ గుత్తి తిరిగి ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు వేళ్లు సరిగ్గా విడవలేదు. పెద్దమనిషి కొంచెం లాగాల్సి వచ్చింది.

వేసవి వచ్చింది. కొండ మీదినుంచి కుబాత్ రెండుసార్లు కబురు పెట్టాడు, ఫొటో దొరికిందా అని. వెతుకుతున్నా అని ఒకసారి, దొరికింది, కడుగుతున్నా అని ఒకసారి చెప్పించాడు. నిజం చెప్పడానికి ఒకసారి కొండ దాకా బయల్దేరాడు కూడా. దారిలో ఇసక్ గుడారం పొగ కనిపించింది. కాసేపు ఆ పొగను చూసి వెనక్కి వచ్చేశాడు. ఎదురైన కాపరి ఒకడు, ఏం ఫొటోల జపార్, వెలుతురు కుదరలేదా అన్నాడు. కుదరలేదు అన్నాడు.

బాత్మాకు ఒక చెల్లెలుంది. అనార్కాన్. నారిన్ బజారులో కురుత్ అమ్ముతుంది. మొగుడు పోయాక నోరు పెరిగిందని అంటారు, అంతకుముందు కూడా తక్కువ కాదు. జపార్ ఆమె ముందు నిలబడి, కొనకుండా, ఉండలు చేత్తో దొర్లిస్తూ, ఆమె ముఖం చూస్తున్నాడు. కళ్లు అవే. కనుబొమలు అవే. ముక్కు కొంచెం పొట్టి. గడ్డం గుండ్రం.

"ఏంట్రా అలా చూస్తున్నావు? నన్ను పెళ్లాడతావా, ఆ మందునీళ్ల కంపు భరించలేనమ్మా," అంది అనార్కాన్. పక్క కొట్టువాళ్లు నవ్వారు.

జపార్ నవ్వలేదు. పక్కకు పిలిచి మొత్తం చెప్పాడు. ఏడు కాపీల సంగతి, బెజ్జం సంగతి, తాళాల గుత్తి సంగతి. కుబాత్‌కు చెప్పిన అబద్ధాల సంగతి కూడా. అంతా అయ్యాక ఆమె తన సంచి మూతి గట్టిగా ముడి వేసింది.

"అయితే బతికుండగా నన్ను సమాధిలోకి తోద్దామనుకుంటున్నావు."

"పెద్దమ్మకు ముఖం లేకుండా రాయి పెట్టాల్సొస్తుంది పిన్నీ."

"అక్కకు నువ్వు మాటిచ్చావా, నేనిచ్చానా?"

జపార్ నేల చూశాడు.

"ఆమె ముఖం నువ్వు అమ్ముకున్నావు. ఇప్పుడు నాది అడుక్కుంటున్నావు. రేపు నేను పోతే నా రాయి మీద ఏం పెడతారు? ఒకే ముఖం రెండు గోతులకా?"

"నీకు ఇంకోటి తీసి దాస్తాను."

"నువ్వు దాచే తీరు చూశాంగా," అంది.

అయినా మర్నాడు వచ్చింది. బాత్మా తెల్ల తలగుడ్డ చుట్టుకుని వచ్చింది. చావులో పంచిపెట్టిన బట్టల్లో అది ఆమెకు వచ్చింది. కుర్చీలో కూర్చుని, నీ కోసం కాదు, ఆ పిల్లాడు ముఖం లేని రాయి ముందు నిలబడలేడు, అందుకోసం అంది. కుబాత్‌కు గానీ, బావకు గానీ తెలిసిందంటే బజారు మధ్యలో నీ బట్టలూడదీస్తాను అని కూడా అంది.

జపార్ కిటికీకి తెర కట్టి, పైనుంచి సందులో వెలుతురు వచ్చేట్టు చేశాడు. దొడ్డి వెలుతురు రాలేదు. వచ్చినంత వచ్చింది. నల్లగుడ్డలోకి దూరాడు. అద్దంలో అనార్కాన్ తలకిందులుగా కూర్చుని ఉంది. తెల్లగుడ్డ, ఆ కళ్లు. మీట నొక్కాడు.

ముక్కును ఒక నీడతో సాగదీశాడు. గడ్డం మిగిలింది. గుర్రం తన్నిన గుంట పెట్టకపోతే బాత్మా కాదు. కుంచె పట్టుకుని కూర్చున్నాడు. ఏ పక్క పెట్టాలి? ఎడమా, కుడా? గుర్తు రాలేదు. కళ్లు మూసుకుంటే ముఖం వచ్చింది, గుంట కూడా వచ్చింది, కానీ ఆ ముఖం అద్దంలోది. అద్దంలో కుడి ఎడమవుతుంది, పైది కిందవుతుంది. మనసు దాన్ని తిప్పి పెట్టిందో, తిప్పకుండా పెట్టిందో తెలియలేదు. చిన్నప్పటినుంచీ ఆ ముఖం చూస్తూనే ఉన్నాడు, ఆమె చేతి రొట్టె తిన్నాడు. తీరా చూస్తే గుర్తున్నది ఫొటో ఒక్కటే.

బజారుకు వెళ్లి అనార్కాన్‌ను అడిగాడు. ఇది కూడా తెలీదా అంటూ ఆమె చెయ్యి గడ్డం మీదికి పోయింది. ఎడమ పక్క ఆగింది. తర్వాత కుడి పక్కకు వచ్చింది. మళ్లీ ఎడమకు పోయింది.

"ఎదురుగా కూర్చుని చూసిన ముఖం కదా," అంది. "నా చెయ్యి అద్దంలోకి పోయినట్టు పోతోంది." ఇంకో మాట అనబోయి తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుంది. అంత నోరున్న మనిషి ఏడుస్తుంటే పక్క కొట్టువాళ్లు చూడనట్టు అటు తిరిగారు.

ఇసక్‌ను అడిగితే చెబుతాడు. ఇసక్‌ను ఎలా అడుగుతాడు?

జపార్ ఎడమ పక్కన పెట్టాడు.

ఒక్క కాపీ తీసి సెమ్యోన్‌కు ఇచ్చాడు. సెమ్యోన్ చాలాసేపు చూసి, నా కురుత్ నేను ఈమె దగ్గరే కొంటాను అన్నాడు. సూది తీశాడు. అనార్కాన్ జపార్ ఇంటికి వచ్చి ఫిల్ము అడిగి పుచ్చుకుంది. పొయ్యి మూత తీసి లోపల వేసి, కాలిందాకా నిలబడి చూసి వెళ్లిపోయింది.

సంవత్సరీకం రోజున గాలి చల్లగా ఉంది. పొద్దున్నే గుర్రాన్ని కోశారు. ఊరి ఆడవాళ్లు కడాయిల దగ్గర కూర్చుని గోధుమపిండి ముక్కలు నూనెలో వేయిస్తున్నారు. మగవాళ్లు స్మశానానికి నడిచారు, ఆడవాళ్లు కొంచెం వెనగ్గా వచ్చి కంచె దగ్గర నిలబడ్డారు. రాయి మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. ముల్లా ఖురాను చదివాడు. చదివినంతసేపూ రాయి వైపు వీపు పెట్టే ఉన్నాడు.

కుబాత్ గుడ్డ లాగాడు.

కంచె దగ్గర ఏడుపు లేచింది. కుబాత్ మోకాళ్ల మీద కూలబడి నుదురు రాయికి ఆనించాడు. "అమ్మ కళ్లే," అన్నాడు. "అన్నా, అమ్మ కళ్లే." చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి చూశారు. అచ్చం అన్నారు. మాట్లాడుతుందేమో అన్నట్టుంది అన్నారు. ఒక ముసలాయన జపార్ భుజం తట్టి, ఊళ్లో నీ గురించి తలొకటీ అనుకుంటాం గానీ నీ చెయ్యి మంచిదిరా అన్నాడు. ఇన్నేళ్లలో ఊరు అతని పనిని మెచ్చుకోవడం అదే మొదలు. జపార్ తల ఊపాడు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఊపాడు.

కంచె దగ్గర అనార్కాన్ తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగి నిలబడి ఉంది. పొద్దుటినుంచీ అలాగే ఉంది. టీ కూడా చెంగు చాటునే తాగింది.

అందరూ అయ్యాక ఇసక్ వచ్చాడు. కర్ర కుబాత్‌కు ఇచ్చి రాయి ముందు కూర్చున్నాడు. అతను చూసింది కళ్లు కాదు. చెయ్యి పెట్టాడు. మొద్దుబారిన బొటనవేలు గడ్డం దగ్గరికి పోయింది. కుడి పక్కకు. అక్కడ నునుపుగా ఉంది. వేలు అక్కడే ఆగి, మెల్లగా రుద్దింది, గడ్డిలో పడిన సూది వెతికినట్టు. తర్వాత ఎడమ పక్కకు వచ్చింది. గుంట తగిలింది. వేలు తీసేశాడు. తలెత్తి కంచె వైపు చూశాడు. అక్కడ మరదలు చెంగు చాటున ఉంది. ఆమెను చూశాడు, జపార్‌ను చూశాడు. చెయ్యి ముఖం మీద తుడుచుకుని ఆమీన్ అని లేచాడు.

భోజనాలప్పుడు గుడారంలో జపార్‌ను ఎగువన, పెద్దల పక్కన కూర్చోబెట్టారు. కుబాత్ పట్టుబట్టాడు. గుర్రం మాంసం వచ్చింది, పులుసు వచ్చింది. ఎవరి వాటా ముక్క వాళ్ల ముందు పెట్టారు. ఇసక్ వచ్చి జపార్ పక్కన కూలబడ్డాడు. అందరూ మాటల్లో ఉన్నారు. ఇసక్ మాటలు జపార్‌కు తప్ప ఎవరికీ వినబడలేదు.

"తోలు బాగానే కట్టావు," అన్నాడు. "మంద అంతా వాసన చూసి ఒప్పుకుంది. మావాడు కూడా."

జపార్ కత్తి కింద పెట్టాడు. "పెదనాన్నా, నేను..."

"నేను ఎన్ని పిల్లలకు కట్టానో లెక్క లేదు. తప్పు పని కాదు. పిల్ల బతుకుతుంది. అయితే తల్లికి అలవాటయ్యాక తోలు విప్పేస్తాం. లేకపోతే లోపల కుళ్లుతుంది." ఇసక్ తన గిన్నెలో పులుసు చూసుకున్నాడు. "రాతికి కట్టావు. ఎవరు విప్పాలి, ఎప్పుడు విప్పాలి?"

ఇసక్ గిన్నె పక్కకు జరిపాడు.

అప్పుడే కుబాత్ రెండు చేతులతో పళ్లెం పట్టుకుని వచ్చాడు. ఉడికించిన గొర్రె తల. ఆ రోజు అందరికంటే పెద్ద అతిథి ఎవరో వాళ్ల ముందు పెడతారు దాన్ని. కుబాత్ దాన్ని జపార్ ముందు పెట్టి, తల దించి, మా అమ్మను మాకు తిరిగిచ్చావు అన్నా అన్నాడు. గుడారంలో మాటలు ఆగాయి. అందరూ జపార్ చేతుల వైపు చూస్తున్నారు. బెజ్జం వేసిన రోజు ఎల్వీరా గ్యాలరీలో కూడా ఇలాగే చూశారు.

ఇసక్ తన కత్తిని గుడ్డతో తుడిచి, పిడి అతని వైపు తిప్పి ఇచ్చాడు.

"కోసుకో," అన్నాడు.

జపార్ కోశాడు. చెవి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అది మింగేదాకా ఎవరూ తినడం మొదలుపెట్టరు. అతను నములుతూనే ఉన్నాడు.